నవాబు ఒక్కపొద్దు

పొద్దున టీకి ముందు తాగే గ్లాసెడు నీళ్ళే ఆస్మాకు నీళ్ళు. మళ్ళీ గొంతు తడిసేది పొద్దుగుంకి ఇంటికొచ్చాకే. నందికొట్కూరు బజారులో గోపన్న బట్టల అంగట్లో పనిచేసే ఆడవాళ్ళందరి సంగతీ అదే. మగవాళ్ళకు వెనకవైపు గోడ ఉంది. ఆడవాళ్ళకు సందులో ఒక టైలరమ్మ ఇల్లుండేది. ఆమె మంచిది, బాత్రూము తలుపు ఎప్పుడూ గడియ వేసేది కాదు. ఆ ఇల్లు పడగొట్టి అక్కడేదో కాంప్లెక్సు లేపడం మొదలుపెట్టినప్పటినుంచి అంగట్లో ఆడవాళ్ళు నీళ్ళ బాటిళ్ళు తెచ్చుకోవడం మానేశారు. తాగితే కదా పోవాల్సింది. ఈ మాట ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. ఎవరికి వాళ్ళే మానేశారు.

అయినా అంగడంటే ఆస్మాకు ప్రాణం. గుడ్డను వేళ్ళ మధ్య ఒకసారి నలిపి, ఉతికితే ముడుచుకుపోతుందో లేదో చెప్పేసేది. ఇంట్లో ఆమె గౌస్ పీర్ కోడలు, ఫిరోజ్ పెళ్ళాం. అంగట్లో మాత్రం ఆస్మా. పల్లెలనుంచి పెళ్ళిబట్టలకు వచ్చినవాళ్ళు మెట్లెక్కుతూనే "ఆస్మా లేదా?" అని అడిగేవాళ్ళు. రంజాను పండగ కాగానే పైఅంతస్తు తెరుస్తానని, ఆడపిల్లల బట్టలన్నీ అక్కడికి మార్చి ఆ బాధ్యత ఆస్మాకే అప్పజెబుతానని గోపన్న మాటిచ్చాడు. ఆ మాట విన్నప్పటినుంచి ఆమె కలలో కూడా అరలు సర్దుతూనే ఉంది.

అడ్డమల్లా అత్త బీబమ్మ. కోడలు పనికి పోవడం ఆమెకు మొదటినుంచీ నచ్చలేదు. "పోతే పో. నేను అడ్డం పడను. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకో. ఒళ్ళు బాగలేదని ఒక్క తూరి నీ నోట వింటినా, ఇంక ఆ అంగడి పేరు ఈ ఇంట్లో ఎత్తగూడదు," అని తొలిరోజే తేల్చి చెప్పింది. బీబమ్మ ఒక మాట అంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. కొడుకు ఫిరోజ్ మంగంపేట గనుల్లో పని చేస్తాడు, వీలు దొరికినప్పుడు వచ్చిపోతాడు. తల్లి ముందు నోరెత్తడం అతనికి చేతకాదు. మామ గౌస్ పీర్ పరుపులు కుట్టే మనిషి. వసారాలో దూది మధ్య కూర్చుని, ఆడవాళ్ళ సంగతుల్లో తలదూర్చకపోవడం వల్లే తన కాపురం ఇన్నాళ్ళు నిలబడిందని గట్టిగా నమ్మేవాడు.

ఇక ఆ ఇంట్లో మిగిలింది నవాబు. గోధుమరంగు గండుపిల్లి. ఆదోనినుంచి వచ్చిన దూది మూటలో నిద్రపోతూ ఆ ఇంట్లో దిగింది, దిగినరోజే మెత్తటి పరుపు చూసుకుని ఎక్కి పడుకుంది, అందుకే ఆ పేరు. ఈ నవాబుకు ఒక గుణం ఉంది. ఇంట్లోవాళ్ళెవరైనా నొప్పి దాచుకుంటే, అది పోయి నవాబుకు వచ్చేది. పన్ను పీకించుకోవడానికి భయపడి గౌస్ పీర్ నోరు మూసుకుని తిరిగినప్పుడు నవాబు దవడ వాచింది. ఒకసారి ఉన్నట్టుండి నవాబు వెనక కాలు కుంటుతుంటే, బీబమ్మ ఇంట్లో అందరినీ నిలదీసి, ఎవరిదీ కాదని తేలాక మంగంపేటకు ఫోన్ చేసి "ఏమిరా, కాలికేమైంది?" అని అడిగింది. ఫిరోజ్ కాలిమీద రాయి పడిన సంగతి అట్లా బయటపడింది. దాచుకున్నవాళ్ళు ఇంటివాళ్ళ చెవిన పడేట్టు "ఇది నాది" అంటే చాలు, నొప్పి దాని సొంతదారు దగ్గరికి తిరిగిపోయేది. నవాబు ఒళ్ళు విరుచుకుని లేచి ఎండలోకి వెళ్ళిపోయేది.

వీధిలో ఎవరికీ ఇదొక వింత కాదు. కొందరి ఇళ్ళల్లో పైకప్పు కారుతుంది, కొందరి ఇళ్ళల్లో తలుపు మూసుకోదు, ఈ ఇంట్లో పిల్లి ఇట్లా. నవాబు నలతగా కనిపిస్తే దారినపోయేవాళ్ళు "ఎవరిదంట?" అని అడిగి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆస్మాకు మంట మొదలైంది రంజాను నెల పడకముందే. ఎండలు ముదురుతున్నాయి కదా, వేడి చేసుంటుందనుకుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగింది. తగ్గలేదు. అంగట్లో మీటరు కడ్డీతో గుడ్డ కొలుస్తూ కొలుస్తూ లెక్క తప్పింది. ఊరికే పోవాలనిపించేది. పోవడానికి చోటు లేదు. ఇంటికొచ్చి పరుగున వెళ్తే నాలుగు చుక్కలు, ఆ నాలుగు చుక్కలూ నిప్పులు. ఇంట్లో చెప్పలేదు. చెబితే పైఅంతస్తు పోయినట్టే. పళ్ళ బిగువున ఓర్చుకుని పడుకుంది.

పొద్దున లేచేసరికి మంట లేదు. చేత్తో తీసేసినట్టు పోయింది. సంతోషించాల్సింది పోయి ఆమె దిగ్గున లేచింది. పెరట్లోకి పరుగెత్తింది. ప్రహరీ గోడ కట్టించగా మిగిలిన ఇసుక కుప్ప మీద నవాబు కూర్చుని ఉంది. తోక లేపి ముక్కింది. లేచి ఇసుక వాసన చూసుకుంది. కాస్త పక్కకు జరిగి మళ్ళీ కూర్చుంది, మళ్ళీ ముక్కింది. ఇసుక పొడిగానే ఉంది. అది ఆస్మా వైపు తల తిప్పి సన్నగా అరిచింది.

"చెప్తాలే. పండగ దాకా ఓర్చుకో," అని దాని తల నిమిరి ఆస్మా అంగడికి వెళ్ళిపోయింది. ఆ మాట అన్నందుకు ఆ రోజంతా ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

నెలవంక కనపడింది. తెల్లారకముందే తిని, పగలంతా నీళ్ళు ముట్టని ఒక్కపొద్దులు మొదలయ్యాయి. ఏడాది మొత్తంలో ఆస్మాకు ఇష్టమైన నెల ఇదే. మిగతా నెలల్లో దాహంతో ఉండేది తాము నలుగురైదుగురే, ఈ నెలలో ఊళ్ళో ఎంతోమంది తోడుంటారు. చీరల దగ్గర నిలబడే విశ్వాసమ్మ కూడా ఈసారి "మాకూ ఈస్టరు ముందర శ్రమదినాలు వచ్చినాయి, నేనూ పగలు ఏం ముట్టడం లేదు," అంది. ఇద్దరూ ఎండిన పెదాలతో నవ్వుకున్నారు.

మొదటి ఒక్కపొద్దు నాడు బీబమ్మ నవాబుకు పాలు పోసింది. నవాబు ముట్టలేదు. నీళ్ళు పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంది. ఫిరోజ్ కర్నూలులో కొనుక్కొచ్చిన పిల్లితిండి గింజల ప్యాకెట్టు గలగలలాడిస్తే మామూలుగా యాడున్నా ఉరికి వచ్చేది, ఆ రోజు చెవి కూడా కదపలేదు. సాయంత్రం మసీదులో అజాన్ వినపడి, ఇంట్లోవాళ్ళు ఖర్జూరం నోట్లో వేసుకునే వేళకు మాత్రం మెల్లగా నడిచొచ్చి గిన్నెలో కాసిన్ని నీళ్ళు నాకింది.

బీబమ్మ చేతిలో ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది.

"చూసినావా ఏమయ్యా? నవాబు ఒక్కపొద్దు ఉండాడు," అంది.

"పిల్లికి ఒక్కపొద్దేందే?" అన్నాడు గౌస్ పీర్.

"మరి పొద్దున్నించి చుక్క ముట్టలేదు గదా. అజాన్ అయినంకనే తాగె. మన ఇంట్లో తిరిగేటోడు, మనట్ల గాక ఇంకెట్లుంటాడు?"

మరుసటి రోజూ అంతే అయ్యింది. ఆ తర్వాతి రోజూ అంతే. ఇంకేముంది, వీధంతా పాకింది. పిల్లలు బడినుంచి వస్తూ వస్తూ నవాబును చూసిపోయేవాళ్ళు. పక్కవీధి ముసలమ్మలు ఇఫ్తారుకు పుచ్చకాయ ముక్కలు పంపుతూ, ఒక ముక్క నవాబుకని వేరే పెట్టేవాళ్ళు. మసీదు దగ్గర ఎవరో "ఏమప్పా గౌస్ పీర్, నీకంటే నీ పిల్లే నయం, అది బీడీ గూడా తాగదు," అంటే, చాటుగా బీడీ తాగుతూ రెండుసార్లు పట్టుబడిన గౌస్ పీర్ కోపం తెచ్చుకోలేదు, పైగా గర్వంగా నవ్వాడు. విశ్వాసమ్మ కూడా వచ్చి చూసింది. "మా ఇంటి పిల్లి చేప దొంగతనం చెయ్యకుండా ఒక్క పూట ఉంటే అదే మాకు పెద్ద ఉపవాసం," అని నవ్వి పోయింది.

ఇన్ని మాటల్లో రావాల్సిన మాట ఒక్కటే రాలేదు. ఎవరిదంట అని ఎవరూ అడగలేదు. అది మాటిమాటికీ ఇసుక కుప్ప ఎక్కి ఎందుకు కూర్చుంటోందని ఒకరిద్దరు అనుమానపడితే, బీబమ్మే తడుముకోకుండా "కడుపులో ఏముంటే గదా వచ్చేకి, ఒక్కపొద్దు గదా," అని నోరు మూయించేసింది. పిల్లి తుమ్మినా ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి అడిగే మనిషి ఈసారి ఎందుకు అడగడం లేదో ఆస్మాకు అంతుపట్టలేదు. కానీ అడగనందుకు లోపల్లోపల వెయ్యిసార్లు అల్లాకు షుకర్ చెప్పుకుంది. అత్త నీళ్ళ గ్లాసు ఎప్పుడూ సగంలోనే వదిలేస్తుందని, పెరట్లోకి వెళ్తే గోడ పట్టుకుని నింపాదిగా తిరిగొస్తుందని ఆమె చూడకపోలేదు. మోకాళ్ళ నొప్పులని బీబమ్మ అంటే అవుననుకుంది.

ఆస్మాకు కాలు ఒకచోట నిలవడం లేదు. అంగట్లో ఉంటే ఇల్లు గుర్తొచ్చేది, ఇంట్లో ఉంటే పెరడు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. ఫ్రాకు అడిగిన వాళ్ళకు లంగా చూపించింది. ఒంట్లో నలత లేదు, నొప్పి లేదు, దూదిలా తేలిగ్గా ఉంది. ఆ తేలికే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆ నొప్పంతా యాడుందో తెలుసు కాబట్టి.

ఒక సాయంత్రం బార్లీ నీళ్ళు కాచి చల్లార్చి, చెంచాతో నవాబు నోట్లో పోయబోయింది. సగం గడ్డం మీదుగా కారిపోయింది. అప్పుడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి, "ఇది నాదే, నాకు తెలుసు," అంది. నవాబు చెవి విదిల్చుకుంది. చెప్పాల్సింది నవాబుకు కాదు.

ఫిరోజ్ అయితే తన మనిషే కదా అనుకుని మర్నాడు ఫోన్ చేసింది. అవతల టిప్పర్ల రొద.

"నవాబుకు బాగలేదు," అంది.

"అట్లనా? ఎవరిదంట?"

నోటిదాకా వచ్చింది. ఇతనికి చెబితే సాయంత్రానికల్లా అమ్మకు చెబుతాడు. అమ్మ నిలదీస్తే ఇతని కడుపులో మాట దాగదు.

"తెలీదు," అంది ఆస్మా.

"అమ్మనడుగు, ఇట్టే పట్టేస్తాది. నీ గొంతేంది అట్లుండాది?"

"ఒక్కపొద్దు గదా," అంది. ఫోన్ పెట్టేశాక, పిల్లికి అత్త చెప్పిన సాకే తానూ చెప్పిందని తట్టింది.

ఆ సాయంత్రం అజాన్ అయినా నవాబు గిన్నె దగ్గరికి రాలేదు.

పొద్దున ఆస్మా తల దువ్వుకుంటుంటే వసారాలోంచి గౌస్ పీర్ కేక వినపడింది. పెళ్ళిపరుపులోకి కూరడానికి ఏకి పెట్టుకున్న తెల్లటి దూది మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలున్నాయి. దూది కుప్ప మధ్యలో నవాబు ముడుచుకుని పడి ఉంది. పక్కనే పసుపు నీళ్ళలాంటి వాంతి. ఆస్మా దాని పొట్ట కింద చెయ్యి పెట్టింది. గట్టిగా ఉంది, లోపల ఒక నిమ్మకాయంత గుండ్రాయి ఉన్నట్టు. చెయ్యి తగలగానే నవాబు అరిచిన అరుపు పిల్లి అరుపులా లేదు.

"ఒక్కపొద్దు ఉండే ప్రాణి ఇట్ల అరుస్తాదా?" అన్నాడు గౌస్ పీర్ భార్య వైపు తిరిగి.

బీబమ్మ దూది మీది చుక్కలనుంచి చూపు తిప్పుకుంది. పైట తలమీదికి లాక్కుని, "ఆటో పిలువు," అంది.

ఆస్మా ఫోన్ మోగింది. గోపన్న. సరుకు దిగుతోంది, తొందరగా రమ్మంటాడు. ఆమె ఫోన్ దూది మీదే వదిలేసి ఆటో ఎక్కింది.

పశువుల ఆసుపత్రి వరండాలో గేదెలు, మేకలు, వాటిని పట్టుకొచ్చిన రైతులు. డాక్టరు ఏసుకుమార్ వయసులో చిన్నవాడే గానీ ఆ ఊరివాడే. నవాబును బల్ల మీద పెట్టించుకుని, పొట్ట తడిమి మొహం చిట్లించాడు.

"ఉచ్చ నిండే సంచి రాయిలాగ అయ్యుండాదిమ్మా. గండుపిల్లులకు నాళం శానా సన్నం. నీళ్ళు తాగక, ఎండు గింజలు తిని, లోపల ఇన్‌ఫెక్షను ముదిరినాది. సన్నటి ఇసుక లాంటిది అడ్డం పడి దారి మూసేసినాది. ఇంగొక పూట ఆగింటే పగిలిపోతాండె."

"ఒక్కపొద్దు అనుకుంటిమి సార్," అన్నాడు గౌస్ పీర్ చిన్నగా.

"పిల్లికి ఒక్కపొద్దేందన్నా?" అని డాక్టరు సూది మందు వేసి, సన్నటి గొట్టం తీసుకున్నాడు. గౌస్ పీర్ నేలమీద గొంతుక్కూర్చుని నవాబును ఒళ్ళో పట్టుకున్నాడు, బల్ల మీద అది నిలవడం లేదు మరి. గొట్టం పోలేదు. డాక్టరు ఇంకా సన్నటిది తీసి చూశాడు. అదీ పోలేదు. నుదుటి మీద చెమట మోచేత్తో తుడుచుకుని, టీకాలు వేయించారా అని అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఇది మీ ఇంటి నవాబు గదా. ఎవరిదో చెప్పినారా?"

వరండాలో మేకను పట్టుకుని కూర్చున్న రైతు అయ్యన్న లోపలికి తొంగిచూసి, "బిరీన చెప్పేయండప్పా, నా మేక ఎదురుచూస్తాంది," అన్నాడు.

డాక్టరు, అయ్యన్న, వరండాలోని నలుగురు రైతులు, అందరి చూపులూ గౌస్ పీర్ మీదికే పోయాయి. ఆ వయసు మగవాడికి వచ్చే ఇబ్బందే కదా అన్నట్టు ఒకాయన తల కూడా ఊపాడు. గౌస్ పీర్ మొహం కందిపోయింది.

"నన్నేం చూస్తారు? నాది గాదు. అల్లా సాక్షి. నాకు బోరింగు కొట్టినట్టు వస్తాది, గావాలంటే మసీదు కాడ ఎవరినన్నా అడగండి," అన్నాడు.

ఇంకెప్పుడైనా అయితే ఆస్మా నవ్వు ఆపుకోలేకపోయేది. ఇప్పుడు ఆమెకు నవాబు కళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. అవి సగం మూసుకుపోతున్నాయి. పైఅంతస్తు కిటికీ, తాను మనసులో సర్దుకున్న అరలు, రంగురంగుల గౌన్లు ఒకసారి కళ్ళముందు తిరిగాయి. వాటిని వదులుకోవడం ఆమెకు చాలా కష్టంగా ఉంది. మామ ముందు, పరాయి మగవాళ్ళ ముందు ఆ మాట నోట రావడం అంతకంటే కష్టంగా ఉంది. అయినా వచ్చింది.

"నాది."

ఎవరికీ సరిగ్గా వినపడలేదు.

"నాది మామా," అంది మళ్ళీ, గట్టిగా. "నాకు ఉచ్చ పోస్తే మంట. నెల పడకముందునుంచి. అంగట్లో ఆడోళ్ళకు పోయేకి చోటు లేదు, అందుకని నీళ్ళు తాగను. చెబితే పని మాన్పిస్తారని చెప్పలే."

మాట ముగిసేలోపే పొత్తికడుపులో కత్తి దిగినట్టయి ఆమె బల్ల అంచు పట్టుకుంది. అదే క్షణంలో గౌస్ పీర్ ఒళ్ళోంచి, తెల్లటి లుంగీ మీదుగా, ఎరుపు కలిసిన వెచ్చటి ధార నేలమీదికి జారింది. ఆయన కదల్లేదు. కోడలి మొహం చూడలేక తల వంచుకుని, నవాబు వీపు నిమురుతూ ఉండిపోయాడు.

ధార కాసేపటికే ఆగిపోయింది. డాక్టరు పొట్ట తడిమి, మళ్ళీ గొట్టం పెట్టి చూశాడు. కొంతదూరం పోయి ఆగింది.

"సగం గూడా పోలేదు. దీంట్లో ఇంకొకరిది ఉండాది," అన్నాడు.

"ఫిరోజ్‌గానిది అయ్యుంటాది. గనుల్లో ఆ దుమ్ము, ఆ ఎండ. ఫోన్ చెయ్యండి వానికి," అన్నాడు గౌస్ పీర్.

ఆస్మా తన ఫోన్ కోసం వెతుక్కుంది, ఇంట్లో వదిలేసిన సంగతి గుర్తొచ్చి అత్త వైపు తిరిగింది. బీబమ్మ గోడకు ఆనుకుని, గేదెల గాలికుంటు వ్యాధి బొమ్మల వంక చూస్తోంది. ఆ బొమ్మల్లో అంతసేపు చూసేదేమీ లేదు.

"వానికెందుకు చేస్తారు?" అంది బీబమ్మ, అటే చూస్తూ. "నాది."

ఆమె పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ చెప్పుకొచ్చింది.

"ఇప్పటిది గాదు సార్. పిల్లప్పుడు శెనక్కాయ బుడ్డలు పీకేకి చేన్లకు పోతాంటిమి. చుట్టూ మొగోళ్ళు. చీకటి పడితే గానీ కూర్చునేకి లేదు. నీళ్ళు తాగగూడదని మాయమ్మే నేర్పె. అప్పుడు పట్టుకున్న మంట. వస్తాది, పోతాది. ఆడోళ్ళన్నంక ఇది ఉండేదేలే, ఇదొక జబ్బని చెప్పుకుంటారా అనుకుంటి. నవాబు వచ్చినంక నాకు నీరసం తప్ప మంట తెలీలేదు. వాడు అప్పుడప్పుడు ఇసుక మీద ముక్కుతాంటే, చూసీ చూడనట్టు నా పని నేను చేసుకుంటి. ఈ తూరి ఇంత ఎక్కువ ఎందుకాయెనో నాకు తెలీలేదు. ఒక్కపొద్దని నేనే ఊరంతా చెబితి. చెప్పి చెప్పి నేనూ నమ్మినా."

అప్పుడు నవాబు వదిలింది. ఈసారి ఆగకుండా, గౌస్ పీర్ లుంగీ, చొక్కా, చేతులు తడిపి, గది మూలనున్న బకెట్టు దాకా పారింది. గొట్టంతో పని లేకుండా పోయింది. అయ్యన్న తన మేకను రెండడుగులు వెనక్కి లాక్కున్నాడు. నవాబు తల ఎత్తి, తడిసిన బల్లకాళ్ళ వంక చూసి, ఆవలించింది. గోడ దగ్గర బీబమ్మ పొత్తికడుపు పట్టుకుని మెల్లగా నేలమీద కూలబడింది. ఆస్మా పోయి పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒకే చోట నొప్పి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, అది కాస్త నెమ్మదించేదాకా అట్లాగే ఉన్నారు.

నవాబుకు మందులు రాసిచ్చి, ఎండు గింజలు మానేసి తడి తిండి పెట్టమని చెప్పాడు డాక్టరు. ఆ తర్వాత ఆటో తిన్నగా మనుషుల ఆసుపత్రికి పోయింది. లేడీ డాక్టరు ఇద్దరినీ పరీక్ష చేయించి, ఇద్దరికీ అవే మాత్రలు రాసింది. పెద్దామెకు ముదిరి మూత్రపిండాల దాకా పాకుతోందని, ఇంకొన్నాళ్ళు దాచుకుని ఉంటే చేతులు దాటిపోయేదని, ఈ పండగ చూసేదో లేదో చెప్పలేనని ఆస్మాను పక్కకు పిలిచి చెప్పింది. ఆస్మా ఆ మాట ఇంట్లో దాచలేదు, పోగానే చెప్పేసింది. ఆ ఇంట్లో దాచడమంటే ఇప్పుడు అందరికీ భయం.

మధ్యాహ్నం బీబమ్మ ముందు తలుపుకు తెర దించి, కుండలోంచి నీళ్ళు ముంచి నవాబు గిన్నెలో పోసింది. నవాబు చప్పుడు చేస్తూ తాగింది. తాగి పక్కకు జరిగాక ఆ గిన్నెనే ఎత్తి తానూ తాగింది. పిల్లి మూతి పెట్టిన నీళ్ళకు దోషం లేదని వాళ్ళ నమ్మకం. తర్వాత గిన్నె కోడలికి అందించింది.

"అజాన్ కాలేదు గదత్తా," అంది ఆస్మా.

"జబ్బు చేసినోళ్ళకు దేవుడే సెలవిచ్చినాడు. ఈ ఒక్కపొద్దులు తర్వాత తీర్చుకుందాం, ఇద్దరం కలిసి. తాగుమ్మే."

ఆస్మా తాగింది. పట్టపగలు, పొద్దు నడినెత్తిన ఉండగా, కడుపు నిండా నీళ్ళు తాగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గిన్నె కింద పెట్టి, అడగలేక అడిగింది.

"అంగడి సంగతి ఏం చేద్దామత్తా?"

"ఏం చేస్తావు? ఒళ్ళు బాగయినంక పో."

"ఒళ్ళు బాగలేదని నా నోట వింటే మాన్పిస్తానంటివి గదా."

"వింటే గదా. ఆడ నవాబు అరుపుకు నా చెవులు పని చెయ్యలే. నాకేం వినపడలే," అంది బీబమ్మ, మాత్రల అట్ట చించుతూ.

"మామ విన్నాడు గదా?"

వసారాలోంచి గౌస్ పీర్ గొంతు వచ్చింది. "ఆడోళ్ళ సంగతుల్లో నేను తలదూర్చను."

ఒళ్ళు కుదుటపడ్డాక ఆస్మా అంగడికి బయలుదేరితే బీబమ్మ కూడా చెప్పులు వేసుకుంది. అంగట్లో పండగ గిరాకీ నిండుగా ఉంది. బీబమ్మ గల్లాపెట్టె ముందు నిలబడి, ఒకసారి నోట వచ్చిన మాట రెండోసారికి అంత కష్టం కాదు కాబట్టి, అందరికీ వినపడేట్టు అడిగింది.

"ఏమప్పా గోపన్నా, మా కోడలు ఉచ్చకు యాడికి పోవల్ల?"

గోపన్న చేతిలో బిల్లు చిరిగిపోయింది. "మెల్లగమ్మా, జనాలుండారు. పండగ కానీ, పైన కట్టిస్తా."

"పండగ దాకా ఈ ఆడోళ్ళంతా బిగబట్టుకోవల్లనా? ఇట్ల బిగబట్టే ఒక ప్రాణి సచ్చేదాకా వచ్చినాది."

విశ్వాసమ్మ విప్పుతున్న చీర అట్లాగే వదిలి వచ్చి బీబమ్మ పక్కన నిలబడింది. ఆమె వెనక గాజుల దగ్గరామె, ఆమె వెనక జాకెట్టు గుడ్డల దగ్గరామె. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు కూడా కదల్లేదు, వాళ్ళకూ బజారంటే ఇదే బాధ కదా. బీబమ్మ పైఅంతస్తు మెట్ల మీద కూర్చుంది. మేస్త్రీ ఇటుకలు దింపించి, దారం పట్టి కొలత వేసేదాకా లేవలేదు.

పండగ తర్వాత పైఅంతస్తు తెరిచారు. మెట్లెక్కగానే ఎడమవైపు ఒక తలుపు, దానికి లోపలినుంచి గడియ. మిగతా అంతస్తంతా ఆస్మాది.

ఇప్పుడు రోజూ పొద్దున బీబమ్మ ఒక పెద్ద బాటిలు నింపి కోడలి సంచిలో పెడుతుంది. సాయంత్రం ఆస్మా రాగానే దాన్ని తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తుంది. ఖాళీగా ఉంటే తన గ్లాసు కూడా బోర్లించి చూపిస్తుంది. ఆ వేళకే నవాబు లేచి, ఒళ్ళు విరుచుకుని పెరట్లోకి పోతుంది. గౌస్ పీర్ సూది ఆపుతాడు. అత్తాకోడళ్ళు మాటలు ఆపుతారు. ఇసుక మీద ధార పడే చప్పుడు సన్నగా, నింపాదిగా వినపడుతుంది. నవాబు ఇసుక కప్పి తిరిగొచ్చేదాకా ముగ్గురూ వింటూ కూర్చుని, ఆ తర్వాత బీబమ్మ టీ పెట్టడానికి లేస్తుంది.